మందు పరీక్షల తనిఖీదారు

ఉయ్యూరు పంచదార మిల్లునకు చెఱకు తోలిన రైతునకు తూకపు చీటి విలువ చెప్పనక్కఱలేదు. బండిలో నెంత చెఱకున్నను డబ్బు వచ్చునది చీటిలో వ్రాసిన బరువునకే. క్రొత్త మందు విషయమును అట్టిదే. రోగి దేహమున జరిగినది ఆసుపత్రి కాగితముల కెక్కును. ఆ లెక్కలను చూచియే ప్రభుత్వము మందు నమ్ముటకు అనుమతి నిచ్చును. ఇచ్చట చీటి తప్పయినచో పోవునది రూపాయలు కావు.

ఆ కాగితములను నిజముతో సరిచూచు ఉద్యోగియే క్లినికల్ రీసెర్చ్ అసోసియేట్. ఈ పనిలో స్త్రీలును పెక్కురు కలరు. చికిత్స చేయుట వీరి పని కాదు. మందు కంపెనీ తరపున ఆసుపత్రికి అప్పుడప్పుడు వచ్చి తనిఖీ చేయుదురు.

ఉయ్యూరు నుండి విజయవాడ కేగి మధుమేహపు మందు పరీక్షలో చేరిన కూలీ యొకడు కలడనుకొందము. అతని రక్తములోని చక్కెర ప్రయోగశాల కాగితములో 182 అనియు, కంపెనీకి పంపిన పత్రములో 128 అనియు నున్నచో అసోసియేట్ పట్టుకొనవలెను. కాని తాను దిద్దరాదు. వైద్యుడే పాత అంకె కనబడునట్లు దానిపై ఒక్క గీత గీసి, సరియైనది ప్రక్కన వ్రాసి, సంతకమును తేదీయు వేయవలెను. వచ్చిన మాత్రలెన్ని, మ్రింగినవెన్ని, మిగిలినవెన్ని యని లెక్కించుటయు, మందుంచిన ఫ్రిజ్ ఉష్ణోగ్రతల పట్టికను చూచుటయు అసోసియేట్ పనులే. రోగికి ప్రాణాపాయము గలిగినచో 24 గంటలలోగా ఆ వార్త ఔషధ నియంత్రణాధికారికిని, కంపెనీకిని, రోగుల క్షేమము చూచు నైతిక సంఘమునకును చేరవలెనని 2019 నాటి నిబంధనలు విధించినవి. చేరినదా యని అడుగవలెను.

అన్నిటికంటె ముందు చూడవలసినది సమ్మతి పత్రము. అది రోగికి తెలిసిన భాషలో నుండవలెను. చదువురానివానికి, పరీక్షతో సంబంధము లేని సాక్షి యెదుట చదివి వినిపించి వ్రేలిముద్ర గొనవలెను. పిల్లల విషయమున తల్లిదండ్రులుగాని చట్టబద్ధులైన సంరక్షకులుగాని సంతకము చేయవలెను.

ఈ చివరి నియమమును తెలుగునాట మఱచిన సందర్భమొకటి గలదు. 2009లో నాటి ఖమ్మం జిల్లాలో 10 మొదలు 14 ఏండ్ల వఱకు గల సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును నివారించు టీకా నిచ్చు పథకము మొదలయ్యెను. అది మందు పరీక్ష కాదని నిర్వాహకులు చెప్పిరి. 2010 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వము దానిని నిలిపివేసెను. బాలికలలో కొందఱు మరణించిరి. అందులకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ నేటికిని సిఫారసు చేయుచున్నది. కాని 9,543 సమ్మతి పత్రములలో 2,763 పత్రములపై సంతకము చేసినవారు వసతి గృహముల వార్డెనులని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము నివేదించెను. ఆ బాలికలలో పెక్కురు గిరిజనులు.

అట్టి సంతకము కంటబడినపుడు అసోసియేట్ దానిని తన నివేదికలో వ్రాసి, వైద్యునిచే నైతిక సంఘమునకు తెలియజేయించి, తల్లిదండ్రుల సమ్మతి వచ్చువఱకు తరువాతి సూది వేయవలదని కోరవలెను.