కత్తికి దెయ్యం తోడైతే: తెలుగు తెర భయాల్లో వింతలు విశేషాలు

సిరిసిల్ల నుంచి తూర్పుగా వెళ్లి కరీంనగర్ దాటితే పెద్దపల్లి జిల్లా. ఆ జిల్లాలోని ఓ చిన్న రైల్వే స్టేషన్ పేరు మీదే తెలుగులో అరుదైన ప్రయోగం జరిగింది. కత్తి పట్టిన హంతకుడు ఒక్కొక్కరినీ వెంటాడి చంపే కథల్ని సినిమావాళ్లు ‘స్లాషర్’ అంటారు. ఆ హంతకుడే చచ్చి దెయ్యమై తిరిగొస్తే? ఓదెల కథ అదే. మన పల్లె భయాలను మనవాళ్లు తెరకెక్కించిన తీరులో ఎన్నో వింతలున్నాయి. వాటిలో కొన్ని ఇవి.

స్టేషన్ పేరే సినిమా పేరు

కాజీపేట–బల్హార్షా రైలు మార్గంలో ఉన్న ఓదెల, మల్లన్న గుడికి పేరున్న ఊరు. రచయిత, దర్శకుడు సంపత్ నంది సొంతూరు కూడా అదే. ఆయన రాసిన కథతో అశోక్ తేజ దర్శకత్వంలో ‘ఓదెల రైల్వే స్టేషన్’ 2022 ఆగస్టు 26న ఆహా ఓటీటీలో విడుదలైంది. ఊళ్లో కొత్త పెళ్లికూతుళ్లు వరసగా హత్యకు గురవుతుంటారు. హంతకుడు తిరుపతిగా వశిష్ఠ సింహ, అతని భార్య రాధగా హెబ్బా పటేల్ నటించారు. భర్త సంగతి తెలిసిన రాధ తన చేతులతోనే అతణ్ని చంపుతుంది. కథకు ఊహాలోకపు ఊరిని కట్టకుండా, ఉన్న ఊరి పేరునే ధైర్యంగా పెట్టడం ఈ సినిమా ప్రత్యేకత.

ఓటీటీ నుంచి థియేటర్‌కు, హత్య నుంచి ఆత్మకు

మొదటి భాగం ఫోన్లలో, టీవీల్లో చూసిన సినిమా. రెండో భాగం ‘ఓదెల 2’ 2025 ఏప్రిల్ 17న నేరుగా థియేటర్లకు వచ్చింది. తిరుపతి ఆత్మకు శాంతి దొరక్కూడదని ఊరివాళ్లు శవానికి ‘సమాధి శిక్ష’ వేస్తారు. ఆ ఆత్మే పగబట్టి మళ్లీ కొత్త పెళ్లికూతుళ్ల మీద పడుతుంది. దాన్ని ఎదిరించే నాగసాధువు భైరవి పాత్ర తమన్నాది. షూటింగ్ 2024లో కాశీలో మొదలైంది. టీజర్‌ను 2025 ఫిబ్రవరిలో ప్రయాగ్‌రాజ్ మహా కుంభమేళాలో విడుదల చేశారు. పెద్దపల్లి జిల్లా ఊరి కథ గంగ ఒడ్డు దాకా నడిచిందన్నమాట.

ఓదెల తిరుపతికి అమెరికా అన్న

చచ్చిన హంతకుడు తిరిగొచ్చే కథల్లో ప్రపంచమంతా చెప్పుకునేది 1984 నాటి ‘ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’. పిల్లల్ని చంపిన ఫ్రెడ్డీని తల్లిదండ్రులు కాల్చేస్తారు. వాడు కలల్లోకి వచ్చి చంపడం మొదలుపెడతాడు. అమెరికాకు వలస వచ్చిన లావోస్ శరణార్థుల్లో కొందరు నిద్రలోనే చనిపోయారన్న పత్రికా వార్తలు దర్శకుడు వెస్ క్రావెన్‌ను ఈ కథ వైపు నడిపించాయి. నటుడు జానీ డెప్‌కు ఇదే తొలి సినిమా. గోడల మీద, కప్పు మీద మనిషిని ఈడ్చుకుపోయినట్టు చూపడానికి గది సెట్‌నే తిప్పారు.

పొయ్యిలో కట్టెకు బదులు కాలు

కంప్యూటర్ గ్రాఫిక్స్ మాటే లేని రోజుల్లో దర్శకుడు బి. విఠలాచార్య కెమెరా మాయలతోనే దెయ్యాలను ఆడించారు. 1978లో వచ్చిన ‘జగన్మోహిని’లో దెయ్యం తన కాలునే పొయ్యిలో పెట్టి వంట చేసే దృశ్యాన్ని ఆనాటి ప్రేక్షకులు ఇప్పటికీ చెప్పుకుంటారు. తక్కువ ఖర్చుతో ఎక్కువ అబ్బురం చూపడంలో ఆయనది ఎవరూ అందుకోలేని చేయి.

తీసిన సినిమానే మళ్లీ తీశారు

‘టెర్మినేటర్ 2’ చూసిన నిర్మాత శ్యామ్‌ప్రసాద్ రెడ్డికి తెలుగులోనూ గ్రాఫిక్స్ సినిమా తీయాలన్న పట్టుదల కలిగింది. అలా మొదలైందే ‘అమ్మోరు’. తొలుత వేరే దర్శకుడితో, వేరే విలన్‌తో తీసిన భాగం నచ్చక పక్కన పెట్టేశారు. దర్శకుడిగా కోడి రామకృష్ణ వచ్చారు, విలన్‌గా రామిరెడ్డి వచ్చారు. ఏళ్ల తరబడి సాగిన సినిమా చివరికి 1995 నవంబరులో విడుదలై ఘన విజయం సాధించింది.

కథ గద్వాలలో, బంగళా బనగానపల్లెలో

అదే నిర్మాత, అదే దర్శకుడు 2009 సంక్రాంతికి ‘అరుంధతి’ని తెచ్చారు. కథ గద్వాల సంస్థానానిది. తెర మీద కనిపించే పాత బంగళా మాత్రం బనగానపల్లె నవాబుల నాటిది. జనం ఇప్పుడు దాన్ని అరుంధతి బంగళా అనే పిలుస్తున్నారు. విలన్ పశుపతి శరీరం సోనూ సూద్‌ది, హడలెత్తించే ఆ గొంతు మాత్రం పి. రవిశంకర్‌ది. ఒక పాత్రకు ఇద్దరు కళాకారులు ఇంత సమానంగా ప్రాణం పోయడం అరుదు.

భయంతోనే మొదలైన మణిశర్మ

రాంగోపాల్ వర్మ 1992లో రేవతితో ‘రాత్రి’ని తెలుగు, హిందీ భాషల్లో ఒకేసారి తీశారు. తర్వాతి కాలంలో ‘మెలోడీ బ్రహ్మ’ అనిపించుకున్న మణిశర్మ నేపథ్య సంగీతం అందించిన తొలి చిత్రం ఇదే. చప్పుడు లేనిదే భయం లేదని ఆ సినిమా చూసినవాళ్లకు తెలుసు.

దెయ్యం కన్నా అనుమానం ప్రమాదం

2023 ఏప్రిల్ 21న వచ్చిన ‘విరూపాక్ష’, రోడ్డు ప్రమాదం నుంచి కోలుకున్న సాయిధరమ్ తేజ్ చేసిన మొదటి సినిమా. అందులో రుద్రవనం ఊరి కష్టాలకు మూలం దెయ్యం కాదు. 1979లో చేతబడి చేస్తున్నారని ఒక జంటను ఊరివాళ్లు సజీవంగా తగలబెట్టడమే అసలు పాపం. ఇది కథే అయినా, మంత్రాల నెపంతో మనుషుల్ని చంపిన ఘటనలు తెలంగాణ పల్లెల్లో నిజంగానే జరిగాయి. అందుకే ఈ సినిమాలను కళాకారుల కష్టం కోసం, వాళ్ల నేర్పు కోసం తనివితీరా చూద్దాం. ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే మాత్రం పక్కింటి ముసలమ్మను అనుమానించకుండా సర్కారు దవాఖానకు పోదాం. భయం తెర మీద ఉన్నంతవరకే వినోదం. ఊళ్లోకి వస్తే అది మనిషిని బలి తీసుకుంటుంది.