బందరు గాలిలో పడే త్రీ... ప్రో కోర్టులో పడుతుందా?

సంక్రాంతికి బందరు వెళ్లాను. భోగి సాయంత్రం మా బాబాయి కొడుకు ఫోన్ పట్టుకుని పక్కన చేరాడు. వాళ్లది నాగాయలంక. వాడు గుడివాడ వైపు ఓ ఇంజనీరింగ్ కాలేజీలో ఫైనలియర్. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో షార్ప్‌షూటర్. వీడియోలో వరసగా ఏడు త్రీ పాయింటర్లు వేశాడు. ఒక్కటి కూడా రింగుకి తగల్లేదు.

"అన్నయ్యా, క్యాంపస్‌లో ఆఫర్ వచ్చింది. జాయినింగ్ ఎప్పుడో చెప్పలేదు. ఈలోగా ప్రో లీగ్‌కి ట్రై చేద్దామనుకుంటున్నా. నాన్నకి నువ్వు చెప్పవా?"

అరుగు మీద కూర్చున్న బాబాయికి ఈ మాట వినబడనే వినబడింది. "బంతి బుట్టలో వేస్తే జీతం ఎవడిస్తాడ్రా?" అన్నాడు. రొయ్యల చెరువులో రెండు పంటలు పోగొట్టుకున్న మనిషి. ఫీజులకి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. ఆ మాటలో వెటకారం కంటే భయమే ఎక్కువ వినిపించింది నాకు.

కాలేజీ రోజుల్లో నేను బెంచి మీద కూర్చునే పన్నెండో ఆటగాణ్ని. ఇప్పుడు హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటున్నా. సలహా ఇచ్చేంత ఆట నాకు లేదు గానీ, లెక్కలు చూడటం వచ్చు. కనుమ వెళ్లాక టేపు జేబులో పెట్టుకుని వాడితో పాటు వాళ్ల కాలేజీ కోర్టుకి వెళ్లా.

ఆ అర మీటరు

ముందు త్రీ పాయింట్ గీత కొలిచాం. 6.25 మీటర్లు వచ్చింది. తమ్ముడి ముఖం చూడాలి!

అంతర్జాతీయ సమాఖ్య ఫిబా ఈ గీతను 2010లోనే 6.75 మీటర్లకి జరిపింది. సిమెంటు కోర్టు మీద ఏటా పాత గీత పైనే కొత్త రంగు వేసుకుంటూ పోతే ఇలాగే ఉంటుంది. ఎన్‌బీఏలో అయితే ఎదురుగా 7.24 మీటర్లు, మూలల్లో 6.71. అంటే మావాడు నాలుగేళ్లుగా త్రీ అనుకుంటూ వేసిన షాట్లలో చాలా వరకు ఇవాళ్టి కోర్టులో రెండు పాయింట్లే.

అక్కడే సుద్దముక్కతో కొత్త గీత గీశాం. పాత గీత దగ్గర, ఎవరూ అడ్డం లేకుండా వందకి 68 వేశాడు. కొత్త గీత దగ్గర 54. తర్వాత అసలు పరీక్ష పెట్టాం. కోర్టు ఆ చివరి నుంచి పరిగెత్తుకు రావాలి, బంతి అందగానే వేయాలి, నేను చెయ్యి ఎత్తి మీదికి వస్తా. పొట్ట వేసుకుని నేను అడ్డుపడితేనే వందకి 29కి పడిపోయాడు!

లెక్క ప్రకారం షూటరే రాజు

షూటర్‌కి ఇంత గిరాకీ ఎందుకో చూద్దాం. వంద త్రీలలో 40 పడితే 120 పాయింట్లు. వంద మామూలు షాట్లలో 50 పడితే 100 పాయింట్లే. చిన్న గుణకారమే గానీ ఆట రూపాన్నే మార్చేసింది. స్టెఫెన్ కర్రీ 2015-16 సీజన్ ఒక్కదాంట్లోనే 402 త్రీలు వేశాడు. అతనూ డేవిడ్సన్ అనే చిన్న కాలేజీ నుంచి వచ్చినవాడే. మరి కాలేజీలో వేసిన ప్రతివాడూ పైన వేయాలి కదా?

వేయడు. జిమ్మర్ ఫ్రెడెట్ కథ చూడండి. 2010-11లో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ మొత్తానికి టాప్ స్కోరర్, మ్యాచ్‌కి సగటున 28.9 పాయింట్లు. 2011 డ్రాఫ్ట్‌లో పదో స్థానంలో తీసుకున్నారు. ఎన్‌బీఏలోనూ అతని దూరపు షాట్లు ఫర్వాలేదనేలాగే పడ్డాయి. కానీ కాలేజీలో బంతి ఎప్పుడూ అతని చేతిలోనే ఉండేది, ఇక్కడ ఉండలేదు. డిఫెన్స్‌లో వేగం చాలలేదు. అతను కాపలా కాసే మనిషి మీదికే అవతలి జట్టు ఆట నడిపేది. జట్లు మారీ మారీ చివరికి చైనా లీగ్‌కి వెళ్లాడు. అక్కడ ఒకే మ్యాచ్‌లో 73 పాయింట్లు కొట్టాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికా 3x3 జట్టుకి ఆడాడు. చెయ్యి ఎప్పుడూ బాగానే ఉంది. మారింది చుట్టూ ఉన్న ఆట.

జేజే రెడిక్‌దీ అలాంటి మొదలే. డ్యూక్ యూనివర్సిటీ హీరో, 2006లో పదకొండో స్థానం. మొదటి రెండు సీజన్లూ ఎక్కువగా బెంచి మీదే. బంతి చేతిలో లేనప్పుడు ఆపకుండా పరిగెత్తడం, డిఫెన్స్‌లో జట్టుకి భారం కాకుండా ఉండటం అలవాటు చేసుకున్నాడు. 15 సీజన్లు ఆడాడు. 2024లో లేకర్స్‌కి కోచ్ అయ్యాడు.

డంకన్ రాబిన్సన్ సంగతి ఇంకా విచిత్రం. మూడో డివిజన్ కాలేజీలో మొదలుపెట్టి మిషిగన్‌కి మారాడు. 2018లో ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో తీసుకోలేదు. ఏడాది తిరిగాక మయామీ హీట్ తరఫున ఒకే సీజన్‌లో 270 త్రీలు వేశాడు, అదీ 44 శాతానికి పైగా. 2021లో ఐదేళ్లకి 9 కోట్ల డాలర్ల ఒప్పందం చేతికొచ్చింది.

ముగ్గురికీ షాట్ ఉంది. తేడా వచ్చింది షాట్ వేయని సమయంలో. నలభై నిమిషాల మ్యాచ్‌లో షూటర్ చేతిలో బంతి ఉండేది చాలా కొద్దిసేపు. మిగతా సమయమంతా ఏం చేస్తున్నాడో చూసే కోచ్ జట్టులో ఉంచుతాడు.

మన దగ్గర మెట్లెన్ని?

ఇంతవరకు అమెరికా మాట. మన దేశంలో ఇంకో చిక్కుంది. అక్కడ కింద పడితే ఇంకో మెట్టు దొరుకుతుంది, ఇక్కడ మెట్లే తక్కువ. 2015లో పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్‌ని డల్లాస్ 52వ స్థానంలో ఎంచుకుంది. మన దేశంలో పుట్టినవాడికి అది మొదటిసారి. ఏడడుగులకు పైగా ఎత్తున్నా ఎన్‌బీఏ మ్యాచ్ ఒక్కటీ ఆడలేకపోయాడు.

అదే ఏడాది మొదలైన యూబీఏ లీగ్ 2017 తర్వాత ఆగిపోయింది. 2022లో ఐఎన్‌బీఎల్ వచ్చింది. 2025లో 25 ఏళ్ల లోపు వాళ్ల కోసం ఐఎన్‌బీఎల్ ప్రో జరిగింది. ఆరు జట్లు, అందులో ఒకటి హైదరాబాద్ ఫాల్కన్స్. జట్టుకి డజను మంది అనుకున్నా దేశం మొత్తానికి డెబ్బై పైచిలుకు చోట్లు. అదీ కొన్ని వారాల సీజన్. కబడ్డీ కుర్రాళ్లకి 2014 నుంచి ప్రో కబడ్డీ ఉంది, తెలుగు టైటాన్స్ ఉంది. మనకింకా అంత దారి పడలేదు.

అందుకే మన బాస్కెట్‌బాల్ ఆటగాళ్లలో చాలామందికి నెలనెలా అన్నం పెట్టేది లీగ్ కాదు, ఉద్యోగం. రైల్వేలు, సర్వీసెస్, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్, ఓఎన్‌జీసీ లాంటి సంస్థల జట్లు. అక్కడికి చేరాలంటే రాష్ట్ర జట్టుకి ఆడాలి, జాతీయ పోటీల సర్టిఫికెట్లు కావాలి. ఇంట గెలిచి రచ్చ గెలవడమంటే అక్షరాలా ఇదే. రీల్స్‌లో వచ్చిన లైకులు ఏ ఫారంలోనూ రాయడానికి పనికిరావు.

బాబాయికి చెప్పిందేమిటంటే

"బాబాయ్, బంతి బుట్టలో వేస్తే జీతమిచ్చేవాళ్లు ఉన్నారు. కానీ చాలా తక్కువమంది" అన్నా.

"అవనిగడ్డలో డీఎస్సీ కోచింగ్‌కి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. మనవాణ్ని బీపీఈడీ చేయించి పీఈటీని చేద్దాంలే" అన్నాడాయన. అదీ చిన్న ఆలోచనేం కాదు. ఊళ్లో బడిపిల్లలకి 6.75 గీత గీసే సారు ఒకరుంటే మావాడికి ఈ గతి పట్టేది కాదు కదా.

చివరికి ముగ్గురం ఒక ఒప్పందానికి వచ్చాం. కంపెనీ జాయినింగ్ తేదీ వచ్చేదాకా వాడు ఆడతాడు. రోజూ కొత్త గీత దగ్గర, పరిగెత్తి, చెయ్యి అడ్డం ఉండగా వంద షాట్లు. నిలబడి వేసినవి లెక్కలోకి రావు. ప్రతి ఆదివారం అంకె నాకు పంపాలి. రాష్ట్ర జట్టు ఎంపికలకి, లీగ్ ట్రయల్స్‌కి వెళ్లాలి. చోటు దొరికితే ఇంట్లో మళ్లీ మాట్లాడుకుందాం. దొరక్కపోతే ఉద్యోగంలో చేరి సాయంత్రాలు ఆడుకోవాలి. అప్పు మాత్రం ఆగదు.

మొదటి ఆదివారం 31. తర్వాత 30. తర్వాత 34. మొన్న 37.

"నలభై దాటితే అయిపోయినట్టేనా అన్నయ్యా?"

"కాదురా. నలభై దాటితే కోచ్ నీకేసి చూస్తాడు. అప్పుడు నువ్వు ఎవణ్ని ఆపగలవో అడుగుతాడు."

కాసేపు జవాబు రాలేదు. తర్వాత ఓ వీడియో వచ్చింది. అందులో బంతి లేదు. వాడు నడుం వంచి, చేతులు చాచి, కోర్టుకి అడ్డంగా అటూ ఇటూ పాదాలు జరుపుతున్నాడు. గీతల అవతల కుర్చీ వేసుకుని మా బాబాయి లెక్కపెడుతున్నాడు.

మీ కాలేజీలోనూ ఇలాంటి షూటర్ ఒకడు ఉండే ఉంటాడు. చప్పట్లు కొట్టండి, వీడియో తీయండి. అంతకంటే ముందు ఒక్కసారి టేపు పెట్టి గీత కొలవండి.