లక్కీ డిప్పు: కూపన్ వెనక ఉన్న చట్టం

పండగ వస్తే రాజమండ్రి, తణుకు, భీమవరం బజార్లలో ఎక్కడ చూసినా లక్కీ డ్రా బ్యానర్లే. వాటిచుట్టూ అల్లుకున్న నమ్మకాల్లో చాలావరకు చట్టం ముందు నిలవవు.

అపోహ: నెలనెలా కట్టే లక్కీ స్కీము కూడా చీటీపాట లాంటిదే.

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. చీటీపాటలో అందరూ కట్టిన డబ్బు వంతులవారీగా సభ్యులకే చేరుతుంది. దానికి 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది. లక్కీ స్కీము తీరు వేరు. నెలకోసారి డిప్పు తీస్తారు. పేరొచ్చినవాళ్లు బైకు తీసుకెళ్తారు, మిగతా వాయిదాలు కట్టక్కర్లేదు. ఆఖరిదాకా పేరు రానివాళ్లకు ఏ మిక్సీయో, బీరువాయో అంటగడతారు. దీన్ని ఏ పేరుతో నడిపినా 1978 నాటి ప్రైజ్ చిట్ల నిషేధ చట్టం కింద నేరమే, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. చాలామందికి తెలియనిదేమిటంటే, అందులో సభ్యులుగా చేరడాన్నీ ఆ చట్టం నిషేధించింది. కమీషన్‌కు ఆశపడి వీధిలో పదిమందిని చేర్పించే పిన్నిగారు కూడా కేసులో ఇరుక్కుంటారు.

అపోహ: దేవుడి పనికైతే టికెట్లు అమ్ముకోవచ్చు.

వినాయకుడి లడ్డూను వేలం వేస్తే ఎక్కువ పాడినవారికి దక్కుతుంది, అందులో అదృష్టం పాత్ర లేదు. అదే లడ్డూకు టోకెన్లు అమ్మి డిప్పు తీస్తే అది లాటరీ. 1998 నాటి లాటరీల చట్టం ప్రకారం లాటరీ నడిపే హక్కు రాష్ట్ర ప్రభుత్వాలదే. ప్రైవేటుగా నడిపితే భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. వచ్చిన డబ్బు గుడికే ఇచ్చామన్నా నేరం నేరమే. 2025 నవంబరులో తెలంగాణలోని చౌటుప్పల్‌లో ఒక ఇంటిని బహుమతిగా పెట్టి రూ.500 కూపన్లు అమ్మి డ్రా తీశారు. అది చూసి ఉత్సాహపడేవాళ్లు ముందు ఈ సెక్షన్ చదవాలి.

అపోహ: బిల్లుతో ఉచితంగా ఇచ్చే కూపన్‌కు ఏ చట్టమూ వర్తించదు.

అమ్మకాలు పెంచుకోవడానికి పెట్టే లాటరీలను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. బహుమతి ఖర్చును సరుకు ధరలో కలిపి ఉచితమని చెప్పడం, స్కీము ముగిశాక ఫలితాలు దాచడం కూడా అందులోకే వస్తాయి.

అపోహ: నా ఆదాయం తక్కువ, బహుమతికి పన్నుండదు.

ఉంటుంది. డ్రాలో వచ్చిన బహుమతికి శ్లాబులు లేవు, మినహాయింపులు లేవు. మొదటి రూపాయి నుంచి 30 శాతం, ఆ పన్నుపై 4 శాతం సెస్సు. కూపన్ ఉచితంగా వచ్చినా అంతే. బహుమతి విలువ రూ.10,000 దాటితే ఇచ్చేవాళ్లే పన్ను కోసి ప్రభుత్వానికి కట్టాలి. వస్తువైతే పన్ను కట్టాకే చేతికివ్వాలి. లక్ష రూపాయల స్కూటర్ తగిలితే సెస్సు కాకుండానే ముందు రూ.30,000 జమ కావాలన్నమాట. కొన్ని దుకాణాలు తామే భరిస్తాయి, కొన్ని గెలిచినవాళ్లనే కట్టమంటాయి. ఫొటో దిగేముందే ఈ సంగతి అడగండి.

మోసగాళ్లు ఆసరా చేసుకునేది ముందే పన్ను కట్టాలన్న ఈ నిబంధననే. పోస్టులో స్క్రాచ్ కార్డు వస్తుంది, గీకితే కారు. ఫోన్ చేస్తే ముందు పన్ను పంపమంటారు. అసలైన పన్ను ఎవరి ఫోన్‌పే నంబరుకూ వెళ్లదు. అది మీ పాన్ మీద ప్రభుత్వ ఖాతాలో జమై, ఆదాయపన్ను పోర్టల్‌లో కనిపిస్తుంది. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.