చక్రం నట్టు ఎందుకు మొరాయిస్తుంది?

ఇంటి ముందే కారు చక్రం మార్చుకుందామని కూర్చున్నవారిని ముందుగా ఆపేది తుప్పు పట్టిన నట్టే. ఇనుము తుప్పుగా మారితే దాని ఘనపరిమాణం రెట్టింపు దాటుతుంది. ఆ తుప్పు నట్టుకూ బోల్టుకూ మధ్య, మరల్లోని సన్నని ఖాళీలో ఇరుక్కుని రెండింటినీ పట్టేస్తుంది.

చిన్న కార్ల చక్రాల నట్లను సుమారు 100 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగిస్తారు. 25 సెంటీమీటర్ల పానా చివర 40 కిలోల బరువు మోపితే దాదాపు అంతే వస్తుంది. తుప్పు పట్టాక అది చాలదు. పానాకు ఇనుప గొట్టం తొడిగి పొడవు రెట్టింపు చేస్తే, అదే బలానికి టార్క్ కూడా రెట్టింపవుతుంది. బోల్టు విరిగే ప్రమాదమూ పెరుగుతుంది. పానా ఎక్కి తొక్కడం కన్నా, బ్రేకు భాగాల మీద పడకుండా మరల్లోకి తుప్పు వదిలించే నూనె చల్లి గంటసేపు ఆగడం మేలు. అంత ఓపిక ఎందరికుంటుందన్నది వేరే సంగతి. నట్టు వదులు చేయడం మాత్రం చక్రం నేల మీద ఉండగానే జరగాలి. జాకీ మీదున్న కారును కుదిపితే జారిపోవచ్చు.

అసలు చిక్కు తిరిగి బిగించేటప్పుడు. మనం పెట్టే టార్క్‌లో దాదాపు 90 శాతం ఘర్షణకే పోతుంది. మిగిలిన కొద్దిపాటి భాగమే బోల్టును సాగదీసి చక్రాన్ని పట్టి ఉంచుతుంది. మరల్లో నూనె మిగిలితే ఘర్షణ తగ్గి, అదే టార్క్‌కు బోల్టు మరింత సాగుతుంది, ఒక్కోసారి తెగేదాకా. అందుకే నూనె తుడిచి, తీగ బ్రష్‌తో తుప్పు గీకి, ఒకదాని తర్వాత దాని ఎదురుగా ఉన్న నట్టును బిగించాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక బిగింపు మరోసారి చూసుకోవాలి.