కారును క్రిందికి దింపు స్ప్రింగులు

రొద్దమునకు పొరుగుననున్న పెనుకొండ మండలములో, ఎర్రమంచి వద్ద 2019 నుండి కార్లు తయారగుచున్నవి. కారు ఏ ఊరిదైనను, దానిని నేలకు దగ్గరగా దింపవలెనని కొందరు యువకులకు ముచ్చట. ఇందు కొంత శాస్త్రమును కలదు: గురుత్వకేంద్రము దిగినచో మలుపులలో బండి ఒరగుట తగ్గును.

చౌకమార్గము ఉన్న స్ప్రింగును కోయుట. 8 చుట్లలో 2 కోసినచో స్ప్రింగు మెత్తబడునా? లేదు. అదే బరువునకు మిగిలిన 6 చుట్లు మునుపటిలో ముప్పాతిక వంతే కుంగును. అనగా బిగువు 33 శాతము పెరుగును.

ఇది చాలునా? చక్రము పైకి లేచుటకు 8 సెంటీమీటర్ల చోటున్నదనుకొందము. కారును 3 సెంటీమీటర్లు దింపినచో 5 మిగులును. స్ప్రింగులో నిలువయగు శక్తి కుంగుదల వర్గమును బట్టి యుండును. కనుక గోతి దెబ్బను రబ్బరు దిమ్మకు తగలకుండ ఓర్చుకొనుటకు బిగువు 64/25, అనగా రెండున్నర రెట్లకు పైగా కావలెను! అంత బిగువైనచో ప్రయాణీకుల నడుములు నిలువవు. 1.5 సెంటీమీటర్లే దింపినచో ఒకటిన్నర రెట్లు చాలును.

కోసిన స్ప్రింగునకు మరియొక దోషము కలదు. చక్రము వ్రేలాడినప్పుడు అది వదులై పీఠము నుండి జారవచ్చును. కనుక దింపుటకే తయారైన స్ప్రింగును, దాని బిగువునకు తగిన పొట్టి షాకబ్సార్బరును జతగా కొనవలెను. పిమ్మట చక్రముల కోణములను సరిచేయించవలెను.

కొనుటకు ముందు కారు అడుగును కొలుచుట మేలు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణము ప్రకారము స్పీడు బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు. పల్లెదారులలో ఆ ప్రమాణమును పాటించని దిబ్బలు అనేకము.