ఆడటం వేరు, ఆడించడం వేరు

మన ఊరు అడవిపొలం నుంచి యానాం మీదుగా బాలయోగి వారధి దాటితే ఎదుర్లంక, ఆపైన ముమ్మిడివరం, ఆ తర్వాత అమలాపురం. ఆ అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023 ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి పురుషుల డబుల్స్ స్వర్ణం గెలిచాడు. ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో మన దేశానికి అదే తొలి స్వర్ణం. పక్క ఊరి పిల్లాడు అంత ఎత్తుకు వెళ్తే, మన పిల్లల్నీ ఆటలో పెడదామా అన్న ఆశ ఏ ఇంట్లోనైనా పుడుతుంది. ఆశ మంచిదే. అయితే పిల్లల్ని ఎవరి చేతిలో పెడుతున్నామో తెలియాలి. గొప్పగా ఆడినవాడు, గొప్పగా నేర్పేవాడు, గొప్పగా మాట్లాడేవాడు ఒక్కరేనా? సాత్విక్ 2014లో చేరిన హైదరాబాద్ అకాడమీని నడిపే పుల్లెల గోపీచంద్ జీవితంలో ఈ మూడు పాత్రలూ కనిపిస్తాయి.

ముందు ఆటగాడి సంగతి. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో 1973లో పుట్టిన గోపీచంద్‌కు 1994లో, ఆటలో ఎదుగుతున్న వయసులో, మోకాలు దెబ్బతింది. శస్త్రచికిత్స తర్వాత కాలు ఎలా మోపాలి, ఎలా తిరగాలి, ఎక్కడ ఆగాలి అన్నది మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. అలా నేర్చుకున్న కాళ్లతోనే 1996 నుంచి 2000 వరకు వరసగా ఐదుసార్లు జాతీయ ఛాంపియన్ అయ్యాడు. 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ సెమీఫైనల్లో డెన్మార్క్ ఆటగాడు పీటర్ గేడ్‌ను, ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15–12, 15–6 తేడాతో ఓడించాడు. 1980లో ప్రకాశ్ పదుకొణె తర్వాత ఆ టైటిల్ గెలిచిన భారతీయుడు ఆయనే.

ఇంత ఆట వచ్చినవాడికి నేర్పడమూ దానంతట అదే వస్తుందనుకుంటాం. బాస్కెట్‌బాల్ చరిత్ర అలా చెప్పదు. అమెరికాలో మ్యాజిక్ జాన్సన్ తన కాలపు మేటి ఆటగాళ్లలో ఒకడు. 1994లో లేకర్స్ జట్టుకు కోచ్‌గా 16 మ్యాచ్‌లు నడిపి, ఐదు గెలిచి, 11 ఓడి, ఆ బాధ్యత వదిలేశాడు. ఫిల్ జాక్సన్ ఆటగాడిగా అంత పేరున్నవాడు కాదు. కోచ్‌గా మాత్రం బుల్స్‌తో ఆరు, లేకర్స్‌తో ఐదు, మొత్తం 11 టైటిళ్లు గెలిచాడు.

ఇలా ఎందుకు జరుగుతుంది? ఈత వచ్చినవాణ్ని ఎలా ఈదుతావని అడిగి చూడండి. నీళ్లలోకి దూకి చూపిస్తాడు గానీ మాటల్లో చెప్పలేడు. ఏళ్ల సాధనతో విద్య ఒంట్లో ఇంకిపోతుంది. ఆలోచించకుండానే చెయ్యి కదులుతుంది. ఆటగాడికి అదే బలం, నేర్పబోయేవాడికి అదే అడ్డం. ఇంకిపోయినదాన్ని మళ్లీ బయటికి తీసి, ముక్కలు చేసి, మరొకరి ఒంటికి సరిపడేలా అందించాలి. కోచ్‌కు కావాల్సిన మొదటి గుణం అదే. మోకాలి దెబ్బ గోపీచంద్‌కు ఆ పని ముందే నేర్పిందని నా నమ్మకం. ఒకసారి చేజారిన నడకను కూడగట్టుకున్నవాడికి ప్రతి అడుగు లెక్కా తెలుస్తుంది.

కోచ్‌కు కావాల్సిన రెండో గుణం, పిల్లల్లో వాళ్లకే కనిపించనిది చూడటం. సాత్విక్, చిరాగ్ ఇద్దరూ కోర్టు వెనక నుంచి బలంగా కొట్టేవాళ్లే. అలాంటి ఇద్దరిని జోడీ చేయాలని మొదట తలచింది మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్. వాళ్లలో ఒకరు వల దగ్గరికి వచ్చి ఆడటం నేర్చుకోగలరని ఆయన ముందే చూశాడు.

మూడో గుణం, తన సుఖాన్ని పక్కన పెట్టగలగడం. 2003లో ప్రభుత్వం గచ్చిబౌలిలో ఐదెకరాలు ఇచ్చినా అకాడమీ కట్టడానికి డబ్బు చాలలేదు. గోపీచంద్ కుటుంబం ఇల్లు తాకట్టు పెట్టింది. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ ఐదు కోట్ల రూపాయలు ఇచ్చారు. 2008లో అకాడమీ మొదలైంది. తెల్లవారుజామున నాలుగున్నరకే కోర్టులో ఉండే ఆ గురువు దగ్గర తర్ఫీదైన సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, పి.వి. సింధు 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చారు. రియోకు ముందు సింధు చేతిలోని ఫోన్ కూడా ఆయన తీసేసుకున్నారు. తెల్లవారకముందే కోర్టుకు వచ్చే గురువు పెట్టిన కట్టుబాటు కాబట్టి శిష్యురాలు ఒప్పుకుందని అనుకుంటాను.

ఇక వక్త పాత్ర. గోపీచంద్ సభల్లో మాట్లాడితే జనం శ్రద్ధగా వింటారు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష తప్పడం తనకు మేలే చేసిందని ఆయన చెబితే పిల్లలకు ధైర్యం వస్తుంది. కానీ అదే గోపీచంద్ 2025లో, ఇంట్లో డబ్బో వ్యాపారమో లేకపోతే పిల్లల్ని ఆటే జీవితమని పంపవద్దన్నారు. ఆటలో నిలదొక్కుకునేవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరని, మిగిలినవాళ్ల బతుకుతెరువుకు ఏర్పాటు లేదని ఆయన బాధ. చాలామంది నొచ్చుకున్నారు. నాకైతే ఆయన మాటల్లోకెల్లా విలువైనది అదే అనిపించింది. హుషారెక్కించే మాట ఎవరైనా చెప్పగలరు. ఓడిపోయే పిల్లల గురించి కూడా ఆలోచించేవాడే నిజమైన గురువు.

అందుకే అడవిపొలం తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లల్ని తప్పకుండా ఆడించండి. ఒంటికీ మనసుకూ ఆట మేలు చేస్తుంది. శిక్షణకు పంపేటప్పుడు మాత్రం కోచ్ గెలిచిన కప్పులు లెక్కపెట్టి ఊరుకోకండి. మోకాలు నొప్పంటే ఆట ఆపిస్తారా? బడికి వెళ్లే వేళ మిగులుస్తారా? వెనకబడిన పిల్లాడికి కూడా అదే ఓపికతో చెబుతారా? ఈ మూడు ప్రశ్నలు అడగండి. జవాబు వినడంతో సరిపెట్టకుండా ఒక పొద్దున మైదానం గట్టున నిలబడి చూడండి. అందరికన్నా బలహీనమైన పిల్లాడితో ఆ కోచ్ ఎలా ఉంటున్నాడో చూస్తే, మీ బిడ్డను ఆయన చేతిలో పెట్టవచ్చో లేదో మీకే తెలుస్తుంది.