కృపకు వెల కట్టే బోధ

మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆసుపత్రి తెరిచేనాటికి ఆ జబ్బుకు ప్రపంచంలో ఎక్కడా మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకా పాతికేళ్లకు పైనే పట్టింది. గాలీ వెలుతురూ తగిలే గదులు, నెలల తరబడి విశ్రాంతి, బలమైన తిండి, విసుక్కోకుండా చూసుకునే మనుషులు: అప్పటికి తెలిసిన వైద్యం చాలావరకు అంతే. వేర్వేరు క్రైస్తవ మిషన్లు చేతులు కలిపి పెట్టిన ఆ శానిటోరియానికి డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ మొదటి సూపరింటెండెంటు. అక్కడ ప్రార్థనా ఉండేది, చావూ ఉండేది. విశ్వాసం ఉన్నచోట జబ్బు ఉండకూడదని నమ్మేవాళ్లు అలాంటి ఆసుపత్రి కట్టరు. తగ్గకపోతే తప్పు రోగిదేనని అనుకునేవాళ్లు దాన్ని ఏళ్ల తరబడి నడపలేరు. ఈ ప్రాంతంలో క్రైస్తవం ఎలాంటి నమ్మకం మీద వేళ్లూనిందో తెలుసుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలు.

బి.కొత్తకోట నుంచి పుంగనూరు, కుప్పం దాకా ఇప్పుడు ఏ పల్లెలో ఫోను తెరిచినా, టీవీ పెట్టినా ఇంకో నమ్మకం వినిపిస్తుంది. దాన్ని సమృద్ధి సువార్త అంటారు. సంఘాలన్నీ ఇది చెప్పడం లేదు, చాలామంది పాస్టర్లకు ఇది నచ్చదు కూడా. కానీ చెప్పేవాళ్ల గొంతు పెద్దది. దేవుడి పిల్లలు పేదలుగా, రోగులుగా ఉండటం దేవుడి చిత్తం కాదని, యేసు సిలువ మీద పాపంతోపాటు పేదరికాన్నీ రోగాన్నీ కొట్టేశాడని, కాబట్టి అడగడం కాదు, హక్కుగా నోటితో ప్రకటించి పొందుకోవాలని ఆ బోధ చెబుతుంది. పొందుకోవడానికి ముందు విత్తనం వేయాలి. విత్తనం అంటే డబ్బు. వేసినదానికి నూరంతలు తిరిగి వస్తుందని మాట ఇస్తారు. రాకపోతే విశ్వాసం చాలలేదు, లేదా లోపల ఏదో పాపం దాగుంది. ఈ చివరి మాటే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది.

ఈ బోధ అపొస్తలుల కాలం నాటిది కాదు. ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో ఇ.డబ్ల్యు. కెన్యన్ రాతల్లో మొలకెత్తి, కెన్నెత్ హేగిన్ చేతుల్లో పెరిగి, ఓరల్ రాబర్ట్స్ ప్రచారం చేసిన విత్తన విశ్వాసంతో టీవీకి ఎక్కింది. అక్కణ్నుంచి ఆఫ్రికాకు, లాటిన్ అమెరికాకు, మన దేశానికి వచ్చింది. మన దగ్గర ఇది ఇంత తేలిగ్గా అల్లుకుపోవడానికి ఒక కారణం ఉందనుకుంటాను. ఇది జరిగితే అది ఇస్తానని దేవుడితో ఒప్పందం పెట్టుకునే అలవాటు అన్ని మతాల మనుషుల్లోనూ ఉంది. మొక్కులో అయినా కోరిక తీరాకే చెల్లింపు. ఇక్కడ చెల్లింపు ముందు, ఫలితం తర్వాత; ఫలితం రాకపోతే నింద చెల్లించినవాడి మీదికే వస్తుంది.

దీనికి ఎదురుగా ఉన్నది కృప. క్రైస్తవేతర పాఠకుల కోసం చెప్పాలంటే, మనిషి తన మంచితనంతో, పూజలతో, దానధర్మాలతో దేవుడి ముందు నిర్దోషిగా నిలబడలేడని, యేసు మరణ పునరుత్థానాల వల్ల దేవుడే ఆ క్షమాపణను ఉచితంగా ఇస్తాడని, మనిషి చేయగలిగిందల్లా నమ్మి అందుకోవడమేనని క్రైస్తవ విశ్వాసం. ఎఫెసీయులకు రాసిన పత్రికలో అపొస్తలుడు పౌలు దీన్ని తేల్చి చెప్పాడు: రక్షణ మన వల్ల కలిగింది కాదు, దేవుడి వరం, కాబట్టి ఎవరూ అతిశయపడటానికి లేదు. యేసు చెప్పిన ఉపమానంలో దశమభాగం తప్పకుండా ఇచ్చే పరిసయ్యుడు తన లెక్కలు దేవుడికి అప్పజెప్పి వచ్చినట్టే తిరిగి వెళతాడు. రొమ్ము కొట్టుకుని కరుణించమని వేడుకున్న సుంకరి నీతిమంతుడిగా ఇంటికి వెళతాడు. ఇద్దరిలో ఇచ్చినవాడెవరో, పొందినవాడెవరో చూడండి.

మదనపల్లెలో మిషన్ పని మొదలుపెట్టిన జేకబ్ చాంబర్లిన్ రిఫార్మ్డ్ చర్చి మనిషి. 1863లో ఇక్కడ స్థిరపడి, బోధకుడిగా, వైద్యుడిగా బతికి, 1908లో ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. తెలుగు బైబిలు సవరణ సంఘానికీ పెద్దగా ఉన్నాడు. ఆయన చర్చికి ఆధారమైన విశ్వాస ప్రమాణాల్లో ఒకటి 1563లో జర్మనీలో తయారైన హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి. అందులో వరస ఇలా ఉంటుంది: మొదట మనిషి దురవస్థ, తర్వాత దేవుడు విడిపించడం, ఆ తర్వాతే మనిషి కృతజ్ఞత. కానుక, సేవ, మంచి నడత అన్నీ ఆ మూడో భాగంలో ఉంటాయి. అంటే పొందాక ఇచ్చేవి, పొందడానికి ఇచ్చేవి కావు. అదే ప్రశ్నోత్తరి దేవుడి పాలన గురించి చెప్పేచోట వానతోపాటు అనావృష్టినీ, కలిమితోపాటు లేమినీ, ఆరోగ్యంతోపాటు రోగాన్నీ కలిపి లెక్కపెట్టి, వీటిలో ఏదీ తండ్రి చెయ్యి దాటి రాదంటుంది. వానకోసం ఆకాశం వంక చూసే ఈ నేలకు అంతకంటే తగిన మాట దొరకదు. కరవు వచ్చిందంటే దేవుడు చేయి వదిలేశాడని కాదు, పంట పండిందంటే మన విశ్వాసానికి కూలి ముట్టిందనీ కాదు.

సమృద్ధి బోధ, పొందాక ఇవ్వడమనే ఆ వరసనే తిరగేస్తుంది. చర్చి చరిత్రలో ఇలా వెల కట్టడం కొత్త కాదు. సమరయలో గారడీ సీమోను డబ్బిచ్చి పరిశుద్ధాత్మ శక్తి కొనబోతే పేతురు మండిపడ్డాడు. పదహారో శతాబ్దంలో పాప క్షమాపణ పత్రాలు అమ్మిన సొమ్ములో కొంత రోములో సెయింట్ పీటర్స్ కట్టడానికి, కొంత ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్ అప్పులు తీర్చడానికి వెళ్లింది. 1517లో మార్టిన్ లూథర్ 95 వాదాలు రాసింది ఆ అమ్మకం మీదే. అప్పుడు అమ్మింది పరలోకపు ఊరట, ఇప్పుడు అమ్ముతున్నది ఇహలోకపు ఇల్లూ కారూ వీసా. సరుకు మారింది, అమ్మకం మారలేదు.

ఈ బోధను మదనపల్లె టమాటా మార్కెట్లో నిలబెట్టి చూద్దాం. 2023 జులైలో కిలో ధర వంద దాటిపోయింది. ఇంకో కాలంలో కోత కూలి, లారీ బాడుగ కూడా గిట్టక రైతులు కాయల్ని రోడ్డు పక్కన పారబోశారు. ఆ ధర తేల్చింది వానలు, తెగుళ్లు, పక్క రాష్ట్రాల నుంచి వచ్చే సరుకు. పంటను మంచి రోజుల్లో అమ్మిన రైతు విశ్వాసి, చెడ్డ రోజుల్లో అమ్మినవాడు అవిశ్వాసి అనగలమా? బోరు వేస్తే నీళ్లు పడ్డ ఇల్లు ఆశీర్వాదం పొందిందని, పడని ఇల్లు శాపంలో ఉందని తీర్పు చెప్పగలమా? కష్టాల్లో పడ్డ యోబును నీ పాపమే కారణమని నిందించిన స్నేహితులు చేసింది సరిగ్గా ఇదే, దేవుడు కోప్పడింది వాళ్లమీదే. పుట్టుగుడ్డివాణ్ని చూపించి ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడిగితే, వాడిదీ కాదు, వాడి తల్లిదండ్రులదీ కాదని యేసు తోసిపుచ్చాడు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది. తన సహచరుడు త్రోఫిమును ఆయన మిలేతులో జబ్బుతోనే వదిలి వెళ్లాల్సి వచ్చింది. శిష్యుడు తిమోతి కడుపు జబ్బుకు ప్రకటన చేయమనలేదు, కొంచెం ద్రాక్షారసం తాగమన్నాడు. వీళ్లందరికీ విశ్వాసం తక్కువనే ధైర్యం ఎవరికుంది?

బైబిల్లోనే ఉంది కదా, మలాకీ గ్రంథంలో దశమభాగం తెచ్చి పరీక్షించి చూడమని దేవుడే అన్నాడు కదా అని అడుగుతారు. ఉంది. ఆ మాట ధర్మశాస్త్రం కింద ఉన్న ఇశ్రాయేలు జాతి మొత్తానికి, దేవాలయపు కొట్టులో ధాన్యం లేక ఆలయ సేవకులైన లేవీయులు అల్లాడుతున్నప్పుడు చెప్పింది. ఒక కుటుంబం ఒక బోధకుడికి పంపే డబ్బుకు వడ్డీ హామీ కాదది. వాళ్లు చూపించే ఇంకో మాట, యోహాను మూడో పత్రికలో గాయు అనే విశ్వాసికి ఆరోగ్యం కోరడం, ఉత్తరం మొదట్లో స్నేహితుడు పలికే క్షేమం. మనం ధనవంతులం కావాలని క్రీస్తు దరిద్రుడయ్యాడని పౌలు కొరింథీయులకు రాసింది, యెరూషలేములోని పేదల కోసం చందా పోగుచేస్తూ. అదే చోట మాసిదోనియ సంఘాలు కడు పేదరికంలో ఉండి కూడా ఇచ్చాయని మెచ్చుకున్నాడు. ఇచ్చాక వాళ్లు ధనికులయ్యారని ఒక్క మాట రాయలేదు. నూరంతల వాగ్దానాన్ని మార్కు సువార్తలో పూర్తిగా చదివితే, ఆ జాబితాలో హింసలు కూడా ఉన్నాయి. సభల్లో ఆ ముక్క వినిపించదు.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైంది. కడుపు నిండినవాళ్లు సిద్ధాంతం మాట్లాడతారు, పేదవాడికి ఆశ కావాలి, ఆ ఆశను లాక్కోవడం దయలేనితనం కాదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. 2010లో కేప్‌టౌన్‌లో ప్రపంచ సువార్తిక నాయకులు ఆమోదించిన ఒడంబడిక కూడా సమృద్ధి బోధను ఖండించింది, దేవుడి శక్తినీ దీవెననూ మాత్రం కాదనలేదు. యేసు నేర్పిన ప్రార్థనలోనే అన్నం అడగడం ఉంది. అడగడం పిల్లవాడి పని, తండ్రికి నోటీసు ఇవ్వడం వేరే పని. పేదవాడికి ఆశ కావాలి, నిజమే. ఓడిపోతే తనదే తప్పని చెప్పే ఆశ అతని చేతిలో మిగిలిన ధైర్యాన్ని కూడా తీసేస్తుంది.

మిషనరీలు బడులూ ఆసుపత్రులూ ఇచ్చారు కదా, అదీ ఒక సమృద్ధి ఎరే కదా అనేవాళ్లూ ఉన్నారు. దానికి జవాబు ఒంగోలులో ఉంది. 1876-78 కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. బాప్తిస్మం అడిగినవాళ్లను మాత్రం కరవు సాయం సాగినంత కాలం ఆపాడు, గింజల కోసం ఎవరూ రాకూడదని. సాయం ఆగిపోయాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వచ్చినవాళ్ల మనసుల్లో గౌరవం కోసం తపన, ఊళ్లో తలెత్తుకుని నడవాలన్న ఆశ కూడా ఉండే ఉంటాయి, అందులో తప్పేముంది? క్లౌ చూపిన తేడా మాత్రం స్పష్టం: కూడు అందరికీ, దానికి మతం షరతు కాదు, రక్షణకు కూడు ఎర కాదు. ఆరోగ్యవరం వైద్యులు 1950 నుంచి మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో జనానికి క్షయ పరీక్షలు చేసినప్పుడు కూడా ఎవరి విశ్వాసాన్నీ కొలవలేదు.

సభల్లో వినిపించే స్వస్థత సాక్ష్యాలన్నీ అబద్ధాలని నేననను. దేవుడు బాగుచేయగలడని నమ్మేవాణ్నే నేను. కానీ తగ్గినవాళ్లే వేదిక ఎక్కుతారు, తగ్గనివాళ్లు మాట్లాడకుండా ఇంటికి పోతారు. ఆ రెండో లెక్క ఎవరూ రాయరు. క్షయ మందులు నెలల తరబడి వాడాలి. తగ్గినట్టు అనిపించగానే మధ్యలో ఆపితే మందులకు లొంగని క్షయ వచ్చే ప్రమాదం ఉంది. ఏ వేదిక మీద ఎవరు చెప్పినా డాక్టరు రాసిన మాత్రలు ఆపకండి. ప్రార్థన చేయించుకోండి, మాత్రా వేసుకోండి.

కానుకల విషయంలో పౌలు కొరింథీయులకు చెప్పిన రెండు సంగతులు ప్రతి విశ్వాసీ గుర్తుపెట్టుకోవాలి. బలవంతం మీద ఇవ్వకూడదు, ఉన్నదాన్ని బట్టే ఇవ్వాలి గానీ లేనిదాన్ని బట్టి కాదు. అప్పు తెచ్చి విత్తనం వేయమని అడిగితే, పుస్తెలు తీసి పళ్లెంలో పెట్టమని అడిగితే, కాదని చెప్పండి. అలా చెప్పినందుకు దేవుడు మిమ్మల్ని శపించడు.